ఫోన్‌లో పట్టని వెబ్‌సైటుకు బిల్లు పాస్ చేయకండి

సంపాదకులకు నమస్కారం.

నేను నర్సీపట్నంలో ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర జిరాక్స్, నెట్ సెంటర్ నడుపుతున్నాను. డిప్లొమాలో కంప్యూటర్స్ చదివాను. సెంటర్ పనితో పాటు ఇక్కడి ప్రైవేటు స్కూళ్లకూ, ఒక కల్యాణ మండపానికీ, ఒక మొక్కల నర్సరీకీ వెబ్‌సైట్లు చేసిచ్చాను. వెబ్‌సైటు వాడలేక అవస్థ పడేవాళ్లను రోజూ దగ్గర నుంచి చూస్తాను, అది ఎలా తయారవుతుందో కూడా నాకు తెలుసు. అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను. జనం దరఖాస్తులు పెట్టుకోవాల్సిన సైట్లు, ఫలితాలు చూసుకోవాల్సిన సైట్లు, ఫీజులు కట్టాల్సిన సైట్లు ఇప్పటికీ ఎన్నో కంప్యూటర్ తెరను మాత్రమే లెక్కలోకి తీసుకుని చేసినవి. వాటిని వాడాల్సినవాళ్ల చేతిలో ఉన్నది ఫోన్.

మా సెంటర్‌కు చింతపల్లి, గూడెం కొత్తవీధి, కొయ్యూరు నుంచి కూడా వస్తారు. ఘాట్ రోడ్డు దిగి బస్సులో ఇక్కడికి చేరేసరికి సగం పూట పోతుంది. వచ్చినవాళ్లలో చాలామంది దగ్గర మంచి ఫోనే ఉంటుంది, నెట్ బ్యాలెన్స్ కూడా ఉంటుంది. "సైటు ఓపెన్ అవుతోంది మేడం, పని మాత్రం అవట్లేదు" అంటారు. 2016లో జియో వచ్చి డేటా చవకయ్యాక ఇక నెట్ సెంటర్లు మూసుకోవాల్సిందేనని మా ఊళ్లో అందరూ అన్నారు. మూతపడలేదు. ప్రింటౌట్ల వల్ల కొంత నిలబడ్డాం. మిగతాది ఫోన్‌లో ఇమడని పేజీల వల్ల నిలబడ్డాం. ఆ రెండో కారణంగా వచ్చే డబ్బు నాకు అక్కర్లేదు.

పోయిన అడ్మిషన్ల సీజన్‌లో చింతపల్లి వైపు నుంచి ఒక అమ్మాయి వాళ్ల నాన్నతో వచ్చింది. ఇంటర్ మంచి మార్కులతో పాసైంది. ఒక కోర్సు కౌన్సెలింగ్‌కు వెబ్ ఆప్షన్లు ఇంట్లో ఫోన్‌లోనే పెట్టుకుంది. పెద్ద పట్టిక అది. ఒక్కో కాలేజీ ఎదురుగా ఒక్కో గడి, అందులో మన ప్రాధాన్యం అంకె వేయాలి. పేజీని వేళ్లతో పెద్దది చేసుకుంటూ, పక్కకు జరుపుకుంటూ, ఏ వరుసలో ఉన్నదీ మర్చిపోకుండా కాలేజీ కోడ్ కాగితం మీద రాసుకుంటూ అన్నీ వేసింది. సేవ్ చేసే బటన్ పట్టికకు కుడి చివర, తెరకు బయట ఉంది. ఆమెకు కనిపించే చోట ఉన్నది 'నెక్స్ట్' మాత్రమే. అది నొక్కింది. తర్వాతి పేజీ వచ్చింది. అయిపోయిందనుకుంది. మర్నాడు చూసుకుంటే ఒక్క ఆప్షన్ కూడా లేదు, గడువేమో ఆ సాయంత్రమే.

"ఇది సరిగా చూసుకోలేదమ్మా" అని వాళ్ల నాన్న నాతో అన్నాడు. ఆ పిల్ల ఏమీ మాట్లాడలేదు. నేను అదే పేజీని నా కంప్యూటర్‌లో తెరిచి బటన్ ఎక్కడుందో ఆయనకు చూపించాను. తర్వాత ఆయన ఫోన్‌లోనే తెరిచి, అక్కడ అదెందుకు కనపడదో కూడా చూపించాను. ఆప్షన్లు మళ్లీ వేసి, ప్రింటు తీసి పంపాను. వాళ్లకు ఆ రోజు పొద్దున బస్సు దొరికింది కాబట్టి సరిపోయింది. దొరక్కపోతే పిల్లకు ఒక ఏడాది పోయేది, ఆ తప్పు తనదేననుకుని ఉండిపోయేది. నాకు ఎక్కువ బాధ కలిగించింది ఈ రెండోదే. తెర మీద లేని బటన్‌ను నొక్కలేదని పిల్లను ఎలా తప్పుపడతాం?

ఇలాంటివి జరిగినప్పుడల్లా "ఫోన్ చిన్నది కదా, ఏం చేస్తాం" అని అందరం సర్దుకుపోతున్నాం. ఫోన్ చిన్నది కావడం సమస్య కాదు. అదే ఫోన్‌లో పిల్లలు పాఠాలు చూస్తున్నారు, రైళ్లు బుక్ చేస్తున్నారు, కిరాణా కొట్లో డబ్బు కడుతున్నారు. అక్కడ బటన్ తెర బయటకు పోవడం లేదు. తేడా ఎక్కడుందో మీ పాఠకులకు, ముఖ్యంగా వెబ్‌సైట్లు చేయించే అధికారులకు, కాలేజీ యాజమాన్యాలకు తెలియాలి.

2007లో మొదటి ఐఫోన్ వచ్చినప్పుడు దాని తెర అడ్డంగా 320 పిక్సెళ్లు (తెర మీది చిన్న చుక్కలు). అప్పటి సైట్లు 800, 1024 పిక్సెళ్ల వెడల్పు మానిటర్ల కోసం చేసినవి. వాటినీ ఎలాగోలా చూపించాలి కాబట్టి ఆపిల్ వాళ్లు ఒక ఏర్పాటు చేశారు. ఫోన్‌లోని బ్రౌజర్ తన తెర వెడల్పు 980 పిక్సెళ్లు అనుకుని పేజీ మొత్తాన్ని పరుస్తుంది, ఆ తర్వాత దాన్ని కుదించి చిన్న తెరలో చూపిస్తుంది. అక్షరాలు చీమల్లా కనిపించేది అందుకే. తర్వాత వచ్చిన ఫోన్లూ ఈ పద్ధతినే పాటించాయి. పాత సైట్ల కోసం చేసిన సర్దుబాటు అది. పేజీ తయారుచేసేవాళ్లు 'ఈ ఫోన్ అసలు వెడల్పు ఎంతో అంతే తీసుకో' అని పేజీ కోడ్‌లో పైన ఒక్క లైను రాస్తే బ్రౌజర్ ఆ కుదింపు మానేస్తుంది. దాన్ని వ్యూపోర్ట్ ట్యాగ్ అంటారు. ఆ ఒక్క లైను కూడా లేని సైట్లు ప్రతి సీజన్‌లో నా కౌంటర్ ముందుకు వస్తూనే ఉన్నాయి.

అయితే ఆ లైను ఒక్కటే పెట్టి వదిలేసినా కష్టమే. పేజీలోని డబ్బాలు, పట్టికలు, ఫొటోలు '1000 పిక్సెళ్లు' అని బిగించి రాసి ఉంటే, కుదింపు ఆగిపోయాక అవి తెర దాటి కుడివైపుకు వెళ్లిపోతాయి. పైన చెప్పిన అమ్మాయికి జరిగింది అదే. వెడల్పులను బిగించకుండా, ఉన్న తెరలో ఇంత భాగం అని శాతాల్లో చెప్పాలి. ఫొటో తనున్న గడిని దాటి పెరగకుండా చూడాలి. తెర ఇరుకైనప్పుడు పక్కపక్కన ఉన్నవి ఒకదాని కింద ఒకటి చేరేలా రాయాలి. ఈ మూడింటినీ కలిపి 2010 మే నెలలో ఈథన్ మార్కాట్ అనే అమెరికన్ వెబ్ డిజైనర్ ఒక వ్యాసంలో వివరించి, దానికి రెస్పాన్సివ్ డిజైన్ అని పేరు పెట్టారు. తెర వెడల్పును బట్టి అమరిక మార్చడానికి వాడే మీడియా క్వెరీలను 2012 జూన్‌లో వెబ్ ప్రమాణాలు రూపొందించే డబ్ల్యూ3సీ సంస్థ ప్రమాణంగా ప్రకటించింది. 2015 ఏప్రిల్ 21 నుంచి గూగుల్ ఫోన్‌లో వెతికేవాళ్లకు ఫోన్‌కు అనువైన పేజీలకు ప్రాధాన్యం ఇవ్వడం మొదలుపెట్టింది. ఇదంతా ఎప్పుడో అయిపోయిన సంగతి. దీనికి కొనాల్సిన సాఫ్ట్‌వేర్ ఏదీ లేదు. డిప్లొమా పిల్లలకు నేర్పితే వారం రోజుల్లో పట్టుకోగల పని.

ఒక స్కూలు కరస్పాండెంట్ గారు నన్ను అడిగారు, "అమ్మా, నా ఫోన్ రిజల్యూషన్ మా ఆఫీసు కంప్యూటర్ కంటే ఎక్కువ, మరి పేజీ ఎందుకు పట్టదు?" అని. మంచి ప్రశ్న. సైట్లు చేసేవాళ్లలో కూడా కొందరికి ఇది స్పష్టంగా తెలియదు. ఆయన ఫోన్ డబ్బా మీద 1080 అడ్డం, 2400 నిలువు అని రాసి ఉంది. ఆఫీసు మానిటర్ 1366 అడ్డం, 768 నిలువు. ఫోన్‌లో చుక్కలు చాలా దగ్గర దగ్గరగా ఉంటాయి. ఒక్కో చుక్కను ఒక్కో పిక్సెల్‌గా లెక్కేస్తే అక్షరం కంటికి ఆనదు. అందుకని ఫోన్ అడ్డంగా మూడు చుక్కలను కలిపి ఒక కొలతగా పేజీకి చెబుతుంది. పేజీ దృష్టిలో ఆ ఫోన్ వెడల్పు 360 మాత్రమే. మన దగ్గర వాడుకలో ఉన్న ఆండ్రాయిడ్ ఫోన్లు చాలావరకు ఆ 360 చుట్టుపక్కలే ఉంటాయి. కాబట్టి డబ్బా మీద అంకె ఎంత పెద్దదైనా డిజైన్ చేసేవాళ్లు గుర్తుపెట్టుకోవాల్సింది అరచేతిలో పట్టే వెడల్పునే.

కొందరు దీనికి యాప్ పరిష్కారం అంటారు. ఏడాదికి ఒక్కసారి ఒక దరఖాస్తు పెట్టడానికి యాప్ ఎందుకు? మా దగ్గరకు వచ్చే ఫోన్లలో స్టోరేజి నిండిపోయి ఉంటుంది. యాప్ దించడానికి పెళ్లి ఫొటోలు చెరిపేసుకున్నవాళ్లను చూశాను. ఇంకొందరు ఫోన్ కోసం వేరే సైటు చేస్తారు, అడ్రసు ముందు ఎం అనే అక్షరంతో. మొదట్లో బాగానే ఉంటుంది. తర్వాత నోటిఫికేషన్ మారితే పెద్ద సైటులో మారుస్తారు, చిన్నదాన్ని మర్చిపోతారు. ఫోన్‌లో చూసినవాళ్లకు పాత తేదీయే కనిపిస్తుంది. ఒకే పేజీ అన్ని తెరలకూ సర్దుకునేలా ఉంటే ఆ తంటా ఉండదు, మార్చేది ఒక్కచోటే.

ఇక జనం తమకు తాము కనిపెట్టుకున్న దారి ఒకటుంది. క్రోమ్‌లో పైన మూడు చుక్కలు నొక్కి 'డెస్క్‌టాప్ సైట్' దగ్గర టిక్ పెట్టడం. దరఖాస్తు ఎలా పెట్టాలో చెప్పే యూట్యూబ్ వీడియోలు కొన్నింట్లో మొదటి మాట అదే. పదో తరగతి పిల్లలకు కూడా ఇది నోటికొచ్చు. వాళ్ల తెలివిని మెచ్చుకుంటాను. కానీ ఆ టిక్ చేసేది ఏమిటంటే, ఫోన్‌ను మళ్లీ ఆ పాత కుదింపులోకి నెట్టడం. ఫోన్‌లో కొన్ని మెనూలు అసలు తెరుచుకోనప్పుడు అది తప్ప వేరే దారి లేక వాడుతున్నారు. అది పెట్టి మర్చిపోయి, "నా ఫోన్‌లో అన్నీ చిన్నగా కనిపిస్తున్నాయి, పాడైందా?" అని రిపేరు షాపుకు వెళ్లినవాళ్లు కూడా ఉన్నారు.

తెలుగులో ఉన్న పేజీలకు ఇంకో సమస్య ఉంది. దీని గురించి బయటివాళ్లు చెప్పరు, మనమే చెప్పుకోవాలి. ఇంగ్లిషు అక్షరాలకు సరిపడే ఎత్తులో వరుసలను బిగిస్తే మన గుడులు పైన తెగుతాయి, వత్తులు కింద తెగుతాయి. 'పత్తి' అన్న మాటలో త వత్తు తెగిపోతే మిగిలేది 'పతి'. 'రాష్ట్ర' లాంటి మాటల్లో ఒకే అక్షరానికి రెండు వత్తులుంటాయి, వాటికి ఇంకా చోటు కావాలి. నేను నా సైట్లలో వరుసకూ వరుసకూ మధ్య దూరం అక్షరం సైజుకు 1.7 రెట్ల దాకా ఇస్తాను, డబ్బాలకు ఎత్తు ఎప్పుడూ బిగించను. తెలుగు మాటలు పొడుగ్గా కలిసిపోతాయి కాబట్టి ఇంగ్లిషులో 'సబ్మిట్'కు సరిపోయిన బటన్‌లో 'దరఖాస్తు సమర్పించండి' పట్టదు. సగం కనిపించి సగం మాయమవుతుంది. ఇరుకైన తెరలో రెండంచులూ సమానంగా ఉండాలని పంక్తిని సాగదీస్తే మాటకూ మాటకూ మధ్య గుంటలు పడతాయి. ఎడమవైపు సమం చేసి కుడివైపు వదిలేస్తే చాలు, చదవడం సాఫీగా సాగుతుంది. నోటో సాన్స్ తెలుగు, మండలి, రామభద్ర లాంటి మంచి యూనికోడ్ (ఏ ఫోన్‌లోనైనా తెలుగు అక్షరాలు ఒకేలా చదవగలిగే పద్ధతి) ఫాంట్లు ఉచితంగా దొరుకుతున్నాయి. అయినా తెలుగు ప్రకటనను ఫొటో తీసి బొమ్మగా పెట్టే అలవాటు మన ఆఫీసులను వదలలేదు. బొమ్మలోని అక్షరం తెరను బట్టి సర్దుకోదు. పెద్దది చేస్తే పక్కకు జరుపుకుంటూ చదవాలి, ఒక వాక్యం పూర్తయ్యేసరికి దాని మొదలు మర్చిపోతాం.

మా వీధిలో ఒక రిటైర్డ్ మాస్టారు ఉన్నారు. చూపు తగ్గి ఫోన్‌లో అక్షరాల సైజు బాగా పెంచుకున్నారు. వాట్సాప్, మెసేజీలు అన్నీ హాయిగా చదువుకుంటారు. పింఛనుకు సంబంధించిన ఒక పేజీ తెరిస్తే మాత్రం ఆ పెద్ద అక్షరాలు డబ్బాలు దాటి ఒకదాని మీద ఒకటి ఎక్కేస్తాయి. ఆయన అక్షరాలు తగ్గించుకుంటే పేజీ సరిగా ఉంటుంది, ఆయనకు కనపడదు. పెంచుకుంటే పేజీ ఉండదు. ప్రతిసారీ నా దగ్గరకు వచ్చి "అమ్మా, కొంచెం చదివి పెట్టు" అంటారు. యాభై దాకా లెక్కల పేపర్లు ఏకధాటిగా దిద్దిన మనిషి. తన సొంత లెక్క తాను చూసుకోలేక ఇంకొకరిని అడగాల్సి రావడం ఆయనకు ఎంత చిన్నతనంగా ఉంటుందో నేను చూస్తున్నాను.

ఇదంతా దయతో చేసే పని కూడా కాదు, నియమం ఉంది. వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. దాని కింద 2017లో చేసిన నిబంధనలు, వెబ్‌సైట్లు కేంద్రం రూపొందించిన ప్రభుత్వ వెబ్‌సైట్ల మార్గదర్శకాలను పాటించాలని చెప్పాయి. ఆ మార్గదర్శకాలు మొదట 2009లో వచ్చాయి, మూడో కూర్పు 2023లో వచ్చింది. వికలాంగులు కూడా వాడగలిగేలా వెబ్ పేజీలు ఎలా ఉండాలో చెప్పే అంతర్జాతీయ ప్రమాణం డబ్ల్యూసీఏజీ 2.1ను ఈ మూడో కూర్పు ఆధారంగా తీసుకుంది. ఆ ప్రమాణంలో ఒక స్పష్టమైన కొలత ఉంది. తెర వెడల్పు 320 పిక్సెళ్లకు తగ్గినా పేజీని అడ్డంగా జరపాల్సిన పని లేకుండా అంతా చదవగలగాలి. అక్షరాలను రెండు రెట్లు పెంచినా ఏదీ తెగిపోకూడదు. పెద్ద పట్టికలకు, మ్యాపులకు అడ్డంగా జరపడంలో మినహాయింపు ఇచ్చారు, అది న్యాయమే. కానీ పట్టిక పక్కన ఉన్న సేవ్ బటన్‌కు ఏ మినహాయింపూ లేదు. పట్టికను ఒక గడిలో పెట్టి, ఆ గడి వరకే జరిగేలా చేసి, బటన్‌ను దాని కింద తెర వెడల్పున ఉంచితే ఆ అమ్మాయి సమస్యే రాదు. ఇంకా బాగా చేయాలంటే ఒక్కో కాలేజీని ఒక్కో చిన్న కార్డుగా, ఒకదాని కింద ఒకటి చూపవచ్చు.

ప్రభుత్వం అనుకుంటే ఇది చేయగలదనడానికి మన రాష్ట్రంలోనే ఉదాహరణ ఉంది. 2025 జనవరి 30న మన మిత్ర పేరుతో వాట్సాప్‌లో 161 సేవలు మొదలుపెట్టారు. మా దగ్గరకు వచ్చేవాళ్లకు అది వాడటం నేర్పాను, త్వరగా పట్టుకున్నారు. కారణం నాకు ఇలా అనిపిస్తుంది: వాట్సాప్‌లో ఒక ప్రశ్న, దాని కింద సమాధానం, దాని కింద ఇంకో ప్రశ్న. అడ్డంగా జరిపేది ఏమీ లేదు. ఏ ఫోన్‌లోనైనా అదే తీరు. ఆ అమరికను వెబ్ పేజీలోనూ తీసుకురావచ్చు. ఒక తెరలో ఒకటి రెండు ప్రశ్నలు, ఒకదాని కింద ఒకటి గడులు, చివర వేలికి ఆనే బటన్. ఫోన్ నంబరు అడిగే గడిలో వేలు పెడితే అంకెల కీబోర్డే రావాలి. పుట్టిన తేదీకి ఫోన్‌లో ఉన్న క్యాలెండరే తెరుచుకోవాలి. ఇవన్నీ ఆ గడిని రాసేటప్పుడు ఒక్క మాట కలిపితే వచ్చేవి.

నేను సైటు చేసేటప్పుడు ముందు చిన్న ఫోన్‌కు రాస్తాను. అందులో ఏది ముందు ఉండాలో, ఏది అక్కర్లేదో తేలిపోతుంది. స్కూలు సైటులో తల్లిదండ్రులకు కావాల్సింది ఫీజు వివరం, బస్సు రూటు, ఆఫీసు ఫోన్ నంబరు, సెలవుల జాబితా. యాజమాన్యానికి కావాల్సింది పైన కదిలే పెద్ద బ్యానర్. ఫోన్‌లో ఆ బ్యానర్ తెర మొత్తం ఆక్రమిస్తుంది, ఏజెన్సీ ప్రాంతపు సిగ్నల్‌లో అది తెరుచుకునేలోపు పెద్దవాళ్లు విసిగిపోయి మూసేస్తారు. అందుకని ఫోన్‌లో ముందు ఆ నాలుగు విషయాలు పెడతాను. తెర వెడల్పు 768 పిక్సెళ్లు దాటితే పక్కపక్కన రెండు నిలువు వరుసలు, ఇంకా పెద్దదైతే మూడు. ఫొటోను మూడు సైజుల్లో ఉంచి, ఏ తెరకు ఏది చాలో బ్రౌజరే తీసుకునేలా రాస్తాను. పెద్ద మానిటర్‌లో పంక్తి ఈ చివర నుంచి ఆ చివరకు సాగిపోకుండా దానికీ ఒక హద్దు పెడతాను, ఎందుకంటే అంత పొడవు పంక్తి చదివి మళ్లీ ఎడమకు వచ్చేసరికి కన్ను తర్వాతి వరుస తప్పిపోతుంది. ఇన్ని చేసినా ఖర్చు పెరగదు. ముందు పెద్ద తెరకు చేసి తర్వాత ఫోన్‌కు కుదించబోతేనే పని రెండింతలవుతుంది.

ఇంకో మాట. కొందరు డిజైనర్లు ఫలానా కంపెనీ ఫోన్‌కు ఒక కొలత, ఇంకో కంపెనీకి ఇంకో కొలత అని జాబితా పెట్టుకుని రాస్తారు. ఏటా కొత్త కొలతలు వస్తాయి. మడిచే ఫోన్లు కూడా వచ్చేశాయి, ఒకే ఫోన్‌కు రెండు వెడల్పులు. ఏ ఫోన్ అన్నది చూడకుండా, బ్రౌజర్ కిటికీని మెల్లగా ఇరుకు చేస్తూ పోయి, ఎక్కడ అమరిక చెడుతోందో అక్కడ మార్చాలి. అలా చేస్తే రేపు వచ్చే తెరకు కూడా సరిపోతుంది.

సైట్లు చేయించే అధికారులకు, యాజమాన్యాలకు నా విన్నపం ఒకటే. కంపెనీవాళ్లు ఏసీ గదిలో ప్రొజెక్టర్ మీద చూపించే ప్రదర్శనను నమ్మి సంతకం పెట్టకండి. అక్కడ ఏ సైటైనా బాగానే ఉంటుంది. మీ అటెండర్ గారి ఫోన్ అడిగి తీసుకోండి. వైఫై ఆపండి. వరండాలోకి వెళ్లి ఎండలో నిలబడి, ఒక చేత్తో, మొదటి పేజీ నుంచి రసీదు వచ్చేదాకా ఒక దరఖాస్తు పూర్తిగా పెట్టి చూడండి. అక్షరాల సైజు పెంచి మళ్లీ చూడండి. ఎక్కడైనా పక్కకు జరపాల్సి వచ్చినా, వేలు ఒక బటన్ మీద పెడితే ఇంకోటి నొక్కుకున్నా తిప్పి పంపండి. అది సరిచేసి తెచ్చేదాకా బిల్లు పాస్ చేయకండి. టెండర్ కాగితంలోనే 320 పిక్సెళ్ల వెడల్పులో ప్రతి పేజీ పనిచేయాలని ఒక షరతు రాయండి. షరతు లేకపోతే కంపెనీవాళ్లు పాత సైటునే రంగు మార్చి ఇస్తారు.

సంపాదకుల గారూ, ఇదే విషయంలో పత్రికలకు కూడా ఒక మాట చెప్పాలి, దయచేసి తప్పుగా అనుకోకండి. ఒకప్పుడు తెలుగు పత్రిక నెట్‌లో చదవాలంటే ఒక్కో పత్రికకు ఒక్కో ఫాంటు దించుకోవాల్సి వచ్చేది. యూనికోడ్ వచ్చి ఆ బాధ తప్పించింది, చాలా సంతోషం. కానీ ఈ-పేపర్ పేరుతో ఇప్పుడు ఫోన్‌లో కనిపిస్తున్నది అచ్చు పేజీ బొమ్మ. ఎనిమిది కాలమ్‌ల పేజీని అరచేతిలో ఎలా చదవాలి? వార్త మీద నొక్కితే విడిగా తెరుచుకుంటుంది, అదీ బొమ్మే చాలాచోట్ల. మా మాస్టారు పెంచుకున్న అక్షరాల సైజు దానికి వర్తించదు. చూపు లేనివాళ్ల ఫోన్ చదివి వినిపించాలన్నా అందులో అక్షరాలు లేవు. జిల్లా పేజీల్లోని వార్తలు చాలావరకు ఆ బొమ్మల్లోనే ఉండిపోతాయి. అదే వార్తను యూనికోడ్ అక్షరాల్లో కూడా ఇస్తే ఏ తెరకైనా సర్దుకుంటుంది, రేపు వెతికినా దొరుకుతుంది.

వార్తల సైట్లలో చదువుతుండగా మధ్యలో ప్రకటన తెరుచుకుని పంక్తి కిందికి జారిపోవడం కూడా మీకు తెలిసే ఉంటుంది. వేలు ఎక్కడో పెడితే ప్రకటన నొక్కుకుంటుంది. ప్రకటనలు లేకుండా పత్రిక నడవదని నాకు తెలుసు, వాటిని తీసేయమనడం లేదు. ఆ ప్రకటనకు, ఫొటోకు ఎంత చోటు కావాలో పేజీలో ముందే రాసి ఖాళీగా ఉంచితే అక్షరాలు కదలవు. నా దగ్గర సైటు చేయడం నేర్చుకునే పిల్లలకు మొదటి రోజుల్లోనే ఇది చెబుతాను.

పైన చెప్పిన కౌన్సెలింగ్ పేజీలో ఏ లైను మారిస్తే బటన్ కనిపిస్తుందో రాసి, వాళ్ల హెల్ప్ మెయిల్‌కు స్క్రీన్‌షాట్లతో పంపాను. జవాబు రాలేదు. పిల్లల మాట, నెట్ సెంటర్ల మాట అక్కడికి చేరడం కష్టం. పత్రికలో వస్తే చదువుతారు. త్వరలో మళ్లీ కౌన్సెలింగ్‌లు మొదలవుతాయి, అవి మొదలవక ముందే ఈ ఉత్తరాన్ని ప్రచురించగలరు. చోటు చాలకపోతే మిగతాది తగ్గించినా ఫరవాలేదు, అధికారులకు రాసిన విన్నపం మాత్రం ఉంచండి. వీలైతే అల్లూరి సీతారామరాజు జిల్లా ఎడిషన్‌లో కూడా వేయండి. ఆప్షన్లు పెట్టుకునే పిల్లలు ఎవరైనా చూస్తే, వాళ్లకు ఒక జాగ్రత్త: అన్నీ వేశాక పేజీని కుడి చివరిదాకా జరిపి సేవ్ బటన్ ఉందేమో చూడండి, నొక్కాక మళ్లీ లాగిన్ అయి మీ ఆప్షన్లు నిలిచాయో లేదో చూసుకుని ఆ పేజీని స్క్రీన్‌షాట్ తీసి ఉంచుకోండి.

ఇట్లు,
మీ పాఠకురాలు,
నెట్ సెంటర్ నిర్వాహకురాలు,
నర్సీపట్నం, అనకాపల్లి జిల్లా.